ఆగ్నేయ మూల

గడ్డపార దెబ్బ పడ్డప్పుడల్లా కల్పన అరికాళ్లకు తెలుస్తూనే ఉంది. ముందుగదిలో మిగిలిన ఒకే ఒక్క స్టూలు మీద, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది ఆమె. సామానంతా పోయిన నెలే బడి దగ్గర అద్దెకు తీసుకున్న రెండు గదుల్లోకి చేరింది. ఇక్కడ మిగిలినవి ఈ స్టూలు, గోడ మీద ఒక ఫోటో, వంటింట్లో తవ్వుతున్న విశ్వేశ్వర్ మిస్త్రీ. వంటింటి ఆగ్నేయ మూలలో షాబాద్ బండలు లేపి వాస్తుశాంతి నాడు లోపల పాతిపెట్టే వాస్తుపురుషుణ్ణి తీస్తున్నాడు. పడగొట్టి కొత్తగా కట్టి అమ్మాలంటే ముందు ఆ మూర్తిని తీసి గోదావరిలో వదలాలి, మరమ్మతు చేసి అమ్మేటట్టయితే దాని జోలికే పోనక్కర్లేదు అని పూజలు చేయించే భట్జీ చెప్పాడు. పొద్దున మిస్త్రీ వస్తూనే అడిగాడు, "ఏం ఖరారు జేసిన్రు బాయి? పడగొట్టుడా, దురస్తా?" "ముందు అది తియ్యి. తర్వాత చెప్త." "పడగొట్టేటట్టుంటేనే గదా బాయి అది తీసుడు. దురస్తుకైతే..." "తియ్యమన్న గదా." మిస్త్రీ గడ్డపార అందుకున్నాడు. బళ్లో చదువు చెప్పే ఆడవాళ్లతో వాదించడు అతను, అతని పిల్లలిద్దరికీ మరాఠీ నేర్పింది ఈమే.

ఎటు తేల్చినా అది బయటికి రావాలని ఆమెకు ఉంది. ఆ మాట మాత్రం మిస్త్రీకి చెప్పలేదు, లాతూరులో ఉన్న పెంచిన కూతురు కోమల్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అందరికీ చెప్పింది లాభం సంగతే. బ్రోకర్ తుషార్ వేళ్లు విరుచుకుంటూ ఎన్నిసార్లు చెప్పాడో, "మేడమ్, కొత్తదానికే గిరాకీ. పాత ఇల్లు ఎంత సింగారిస్తే ఏముంది, ముసలమ్మకు ముక్కుపుడక పెట్టినట్టే. జేసీబీ ఆయన సాయంత్రం దాంక ఆగుతడట, ఊ అంటే రేపే వస్తడు." ఎదురింటివాళ్లు అట్లాగే చేశారు. రేకుల ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపి, వరండాకు గాజు పలకలు బిగించి, అమ్ముకుని పూనా వెళ్లిపోయారు. ఎదురింటి పూనమ్ పోయే రోజు ఈ గుమ్మంలో నిలబడి, "మీరు గూడ తీసేయుండ్రి టీచరమ్మా, ఎన్నిరోజులని ఈ పాత దాంట్ల" అంది. ఆ గాజు పలకల మీద ఎండ పడి ఇప్పుడు ఈ గదిలోకి వస్తోంది. ఆ వెలుగు నేరుగా పోయి ఫోటో మీద పడుతోంది. గది మొత్తంలో ఇంకెక్కడా చోటు లేనట్టు ఫోటోలోని ఆమె మీదనే.

నర్మద. ఆకుపచ్చ చీర, ముక్కున నత్తు, పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న అనంతరాములు, తర్వాత కల్పనను రెండో పెళ్లి చేసుకున్నవాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గిన్నె అంచు దాటిన నురుగు కూడా పడింది ఫోటోలో. నర్మద కొంగును భుజం నిండా కప్పుకుని, కడుపు మీదుగా తెచ్చి రెండు చేతులతో పట్టుకుంది. మొదటిసారి ఈ గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు కల్పన చూసింది ఆ చేతుల్నే. ఎంత నెమ్మదిగా పట్టుకుంది కొంగు, ఎంత నిబ్బరంగా నిలబడింది, ఇల్లు తనదైన మనిషి ఎట్లా నిలబడుతుందో అట్లా. ఈ ఫోటో గోడ మీంచి తీసేయమని కల్పన ఎప్పుడూ అడగలేదు. పైగా ప్రతి పండగకూ తుడిచి, దండ వేసింది తనే. చుట్టుపక్కల అందరూ మెచ్చుకున్నారు, అనంతరాములు అదృష్టవంతుడు, రెండోసారి కూడా బంగారం లాంటి మనిషి దొరికింది అని. రెండోసారి కూడా. ఆ 'కూడా' ఇన్నేళ్లూ ఆమె పంటి కింద రాయిలా ఉండిపోయింది.

దెబ్బ ఆగింది. మిస్త్రీ మట్టి తోడుతున్నట్టున్నాడు, తట్ట చప్పుడు. మళ్లీ దెబ్బ. ఈ ఇంట్లో నర్మద బతికింది ఎన్నాళ్లు, ఒక వానాకాలం, ఒక చలికాలం. కోమల్ పుట్టాక మంచం పట్టి పోయింది. ఆ మాత్రానికే ఇల్లంతా ఆమె కొలతకు నిలిచిపోయింది. కిటికీ ఆమె కళ్ల ఎత్తులో, దేవుడి గూడు ఆమె చేతికందేటట్టు, వంటగట్టు ఆమె నడుముకు సరిగ్గా. నల్ల కడప రాయి గట్టు, ఇక్కడివాళ్లు ఒటా అంటారు, నర్మదను నిలబెట్టి కొలిచి కట్టించాడట ఆయన. కల్పనది దెగ్లూర్‌లో వాళ్ల నాన్న పోలిక, పొడుగు మనిషి. ఆ గట్టు ముందు వంగి రొట్టెలు చేసి, వంగి పప్పు ఎనిపి, వంగి పాలు కాచి, రాత్రి పడుకుంటే నడుము పలకలా అయ్యేది. ఒకసారి ఆయన బజారు నుంచి ఇనప స్టాండు తెచ్చి స్టవ్ కింద పెట్టాడు. "ఇప్పుడు మంచిగున్నదా?" తెల్లారి ఆమె దాన్ని తీసి మేడ మెట్ల కింద పెట్టేసింది. "అలవాటైంది నాకు" అంది. ఆయన స్టాండు వైపు చూసి, ఆమె వైపు చూసి, డ్యూటీకి పోయాడు. స్టాండు ఎవరడిగారు? ఆ రాయి పగులగొట్టాలని కదా ఆమెకు ఉండింది. ఆయనంతట ఆయనే సుత్తి తీసుకుని, ఇది నీకు పొట్టిగా ఉంది అని ఒక్క దెబ్బ వేసి ఉంటే. అడిగి తీసుకునేది కాదు అది. అడిగితే ఇచ్చేవాడేమో. అందుకే అడగలేదు.

అడగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, కింద ఆ మూలన బోర్లా పడుకున్నవాడు. కాపురానికి వచ్చిన కొత్తలోనే పక్కింటి జనాబాయి చెప్పింది, ఇంటి వాస్తుపురుషుడు అన్నీ వింటాడని, ఇంట్లో ఏ మాట అన్నా కింద నుంచి తథాస్తు అంటాడని, నోరు భద్రమని. జనాబాయి తెలుగింటిదే, పేరూ పద్ధతులూ మాత్రం మరాఠీవి. పీటల మీద నర్మద ఆయన పక్కన కూర్చుని, కొంగుకు కొంగు ముడి వేసుకుని, హోమం చేసి, తన చేత్తో ఆ గుంతలో పెట్టిన మూర్తి అది. కల్పన దాన్ని ఎన్నిసార్లు ఊహించిందో. ఆయన తుమ్మి ఉంటాడు, పొగ పడదు ఆయనకు. ఆమె నవ్వి ఉంటుంది. నర్మద పెట్టినవాడు నర్మద మనిషే కదా, కల్పన మాటలకు తథాస్తు అంటాడో, అన్నీ పోయి ఆమెకు చెప్తాడో. అందుకని ఈ ఇంట్లో ఆమె ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. కూర మాడితే మాడింది అని కూడా అనలేదు. బళ్లో పిల్లలకు తప్పుకు తప్పు, ఒప్పుకు ఒప్పు చెప్పే మనిషి, ఇంటికి వస్తే ప్రతి మాటనూ నోట్లోనే కడిగి ఆరబెట్టి బయటికి తెచ్చేది. పాపం నెమ్మది మనిషి అనుకున్నారు జనం.

స్టేషన్ మైకులో ఏదో రైలు పేరు చెబుతున్నారు, ముందు మరాఠీలో, తర్వాత హిందీలో. ఆయనకు ఆ మైకు వింటే ఇల్లు చేరినట్టు ఉండేది. పూర్ణ జంక్షన్‌లో డ్యూటీ దిగి, రాత్రి బండికి వచ్చి, మూడో ప్లాట్‌ఫారం చివర నుంచి పట్టాలు దాటి గోకుల్ నగర్‌లోకి వచ్చేవాడు, అట్లా దాటొద్దని తనే అందరికీ చెప్పే రైల్వే మనిషి. పోయిన వానల్లో ఆస్పత్రిలో ఆ మైకు వినిపించని గదిలో పడుకున్నాడు. చివరి రెండు రోజులు తెలుగు మాట ఒక్కటి కూడా రాలేదు ఆయన నోట. పాణీ, పాణీ దే. నీళ్లు ఇచ్చింది. మరాఠీలోనే, చలి వేస్తోంది అన్నాడు. దుప్పటి కప్పింది. నర్సమ్మ, "సారు మరాఠీ ఎంత మంచిగ మాట్లాడుతున్నరు" అంది. ఎందుకు మాట్లాడడు? ఆ భాషలో నర్మదతో కాపురం చేశాడు. ఊరంతటి పిల్లలకు ఆ భాష నేర్పిన కల్పన, మంచం పక్కన నిలబడి, ఆయన నీళ్లు ఎవర్ని అడుగుతున్నాడో అని చూసింది. కళ్లు తన వైపే ఉన్నాయి. కళ్లు ఉంటే ఏం, చూపు ఎక్కడుందో ఎవరికి తెలుసు. గ్లాసు పెదాలకు ఆనించి పట్టుకుని, పోయే మనిషి దగ్గర కూడా కడుపులో అదే మంట. సిగ్గుపడింది. సిగ్గు పడ్డా మంట ఆరలేదు.

ఇక కోమల్. ఆ పిల్ల మీద ఎప్పుడూ కోపం లేదు, ఈమె వచ్చేనాటికి ఐదేళ్ల పిల్ల, ఈమె పక్కలోనే పెరిగింది. కానీ పదో తరగతి సెలవుల్లో ఒక సాయంత్రం, "పిన్నీ, ఈరోజు నేను రొట్టెలు చేస్త" అని వంటింట్లోకి పోయింది. కల్పన కాపీలు దిద్దుతూ తల ఎత్తి చూసింది. గట్టు ముందు కోమల్ నిటారుగా నిలబడి ఉంది. మోచేతులు సరిగ్గా రాయి ఎత్తుకు. పిండి అదిమితే భుజాలు కదలడం లేదు, నడుము వంగడం లేదు. గట్టు ఆ పిల్ల కోసమే అన్నాళ్లు కాచుకున్నట్టుంది. ఎర్ర సిరా పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది కల్పన, ఏ పిల్లాడి కాపీ మీదో పెద్ద మచ్చ పడింది. పొద్దున ఫోన్లో అదే కోమల్, "నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల జెయ్యి పిన్నీ. పడగొట్టినా సరే. ఆ ఫోటో ఒక్కటి నాకియ్యి" అంది. ఎంత సులభంగా అంది, పడగొట్టినా సరే అని. తల్లి కొలత ఒంట్లోనే ఉన్న పిల్లకు గోడలతో ఏం పని?

అయినా ఆయన మనసులో నర్మద తిరుగుతూనే ఉండిందని కల్పనకు సాక్ష్యం ఉంది. వచ్చిన రెండో ఏడు, శ్రావణంలో, అన్నం తింటూ తింటూ ఆయన చెయ్యి ఆపి అన్నాడు, "భట్జీని పిలిచి ఇంటికి వాస్తుశాంతి చేయిద్దామా? ఇద్దరం కూసుందం." ఆ క్షణం ఆమెకు అర్థమైపోయింది. ఇంట్లో నర్మద తిరుగుతోందని భయం ఈయనకు, పోయిన మనిషికి నెమ్మది కలగాలని ఈయన ఆరాటం, ఆమె కూర్చున్న పీట మీదే నన్ను కూర్చోబెట్టి, ఆమె చేసిన పనే నాతో మళ్లీ చేయించి. గరిటె గిన్నెలో పెట్టి, చాలా నెమ్మదిగా, "అయిన ఇంటికి మల్ల దేనికి? ఒకసారి కూసున్నరు గదా" అంది. ఆయన ఆమెను అట్లాగే చూశాడు. ఏదో చెప్పబోయి, "సరే తియ్యి" అని మజ్జిగ పోసుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆమెకు ఒక సాక్ష్యమే అయింది.

"బాయీ." మిస్త్రీ గొంతు. "ఇటు రాండ్రి జర."

గుంత మోకాలి లోతు తవ్వాడు. పైన ఎర్రమొరం, కింద నల్లమట్టి, అంతే. "ఇంతకన్న లోతు ఎవ్వలు పెట్టరు బాయి. ఈ దిక్కు, ఆ దిక్కు వెడల్పు గూడ జేసిన. కింద భూమి మనిషి చెయ్యి పడని భూమి." కల్పన గుంత అంచున కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. "మూల ఇదేనా?" "ఆగ్నేయం ఇదే బాయి. సూర్యుడు దిక్కు మార్చలేదు గదా." మొదట ఆమెకు అనిపించింది, ఇదీ నర్మద పనే, తన మూర్తిని తనే తీసుకుపోయింది, నాకు తీసే అధికారం కూడా దక్కనివ్వలేదు అని. ఇంత పిచ్చి ఆలోచన తనదేనా అని అప్పుడే అనిపించింది కూడా.

వెనక తలుపు నుంచి జనాబాయి వచ్చింది, స్టీలు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని. "ఏం తవ్వుతున్నవ్‌రా విశ్వేశ్వరా, పొద్దుగాల నుంచి నా మంచం అదురుతున్నది. గుప్తనిధి దొరికితే సగం నాది, ముందే చెప్తున్న."

"వాస్తుపురుషుణ్ణి తీద్దామని మావ్‌శీ. దొరుకుతలేడు. ఇల్లు అమ్ముతున్నరని తెలిసి ముందే ఖాళీ చేసినట్టుండు."

"పెట్టినోడైతే గదా దొరికేది." జనాబాయి గ్లాసు కల్పన చేతికి ఇచ్చింది. "ఈ ఇంటికి శాంతి ఎప్పుడైంది?"

గ్లాసు వేడి వేళ్లకు తగులుతోంది. కల్పన గోడ వైపు, అంటే గోడ అవతలి ఫోటో వైపు చూపించింది. "ఆ ఫోటో..."

"అవి పాలు పొంగిచ్చిన ఫోటోలు బిడ్డా. మీ దిక్కు పాలు పొంగితే అంతా అయినట్టేనేమో. ఇక్కడ అట్ల గాదు, దిగేటప్పుడు పాలు, శాంతి మల్లెప్పుడన్న. నర్మద అప్పటికే కడుపుతోని ఉండె. కొంగు ఎట్ల కప్పుకున్నదో చూడలేవా? హోమం పొగల కూసోవద్దని భట్జీ అన్నడు, కాన్పు అయినంక చేద్దం అనుకున్నరు. కాన్పయింది, పిల్ల మిగిలింది, ఆమె మిగల్లే. ఇగ ఒక్కడే పీట మీద కూసుంటడా?" చాయ్ ఊది ఒక గుటక తాగింది. "నువ్వచ్చినంక అడిగిండు గదా నిన్ను. నాతాన్కి అచ్చిండు, అక్కా, రెండు పీటలు కావాలె అన్నడు. కడిగి, పసుపు రాసి పెట్టిన. మల్ల రాడు. నేనే అడిగిన, ఏమైందిరా అని. టీచరమ్మకు ఇసొంటివి పట్టింపు లేవక్కా అని నవ్విండు. సదువుకున్నోళ్లు గదా, నేనేమంట? పీటలు మల్ల అటక మీద పెట్టిన."

మిస్త్రీ గుంతలోంచి పైకి వచ్చి, చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి పోయాడు. గ్లాసు మరిచిపోయాడని జనాబాయి అతని వెనకే పోయింది, చాయ్ చల్లారుతోందని అరుస్తూ. వంటింట్లో కల్పన ఒక్కతే మిగిలింది. పసుపు రాసిన రెండు పీటలు, ఆరి, రంగు వెలిసి, పక్కింటి అటక మీద, గోడకు అవతల, తను వంగి రొట్టెలు చేస్తున్న ఇన్నేళ్లూ. మజ్జిగ పోసుకుంటూ ఆయన చెప్పబోయిన మాట. కాలేదు కల్పనా, ఈ ఇంటికి ఇంకా కాలేదు. ఎందుకు చెప్పలేదు? తను అంత నెమ్మదిగా తలుపు వేసేసింది కనుక. కొంగు కప్పుకున్న ఆ రెండు చేతులు, గర్వం కాదు, కడుపు. కోమల్. ఇన్నేళ్లు దండ వేసి తుడిచిన ఫోటోలో కోమల్ కూడా ఉంది, చూడనే లేదు.

నర్మద కూర్చోలేదు. కల్పన కూర్చోలేదు. ఈ మూల ఖాళీది. అసూయ పడడానికి అక్కడ ఎవరూ లేరు. కానీ ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా, ఇంటికి తాళం పడితే అరుగులన్నీ తిరిగే పిల్లిలా అది వెతుక్కుంటూ పోయింది, ఒకచోట ఆగింది. కొనబోయే ఆమె. ఎవరో, ముఖం తెలియదు, మొగుడి పక్కన ఈ మూలన కూర్చుంటుంది. కొంగు ముడి వేసుకుంటుంది. పొగకు కళ్లు నులుముకుంటూ, ఈ గుంతలో తన చేత్తో పెడుతుంది. ఆ ముఖం తెలియని ఆమె మీద అప్పుడే మొదలైంది మంట, పాత నిప్పు మీద కొత్త కట్టె వేసినట్టు.

గుంత వైపు వంగింది. మాట గట్టిగా వచ్చింది, ఈ ఇంట్లో మొదటిసారి. "నర్మదంటే నాకు కడుపు మండేది. ఆయన పోయేటప్పుడు గూడ మండింది. ఇప్పుడు గూడ మండుతున్నది."

నల్లమట్టి అట్లాగే ఉంది. ఎవరూ తథాస్తు అనలేదు. బయట జనాబాయి ఎవరినో తిడుతోంది, కుళాయి నీళ్లు పడుతున్నాయి.

మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తుషార్ ఫోన్ జేసిండు బాయి. జేసీబీ సంగతి అడుగుతుండు. ఏం చెప్పాలె?"

"వద్దను. దురస్తే."

"లాభం తక్కువైతది."

"అయితది. కోమల్‌కు నేను చెప్త." గుంత చూపించింది. "ఇది పూడ్చు. బండలు మాత్రం సిమెంటు పెట్టి బిగించకు. ఉత్తగ పరిచిపెట్టు. కొన్నోళ్లకు మల్ల లేపే పని ఉంటది. శాంతి కాని ఇల్లని వాళ్లకు నేనే చెప్త."

"సరే. ఇంకేమన్నా?"

"ఈ గట్టు పగులగొట్టు. ఎత్తు చేసి కట్టు."

"ఎంత ఎత్తు?"

"నాకు సరిపోయేంత."

మిస్త్రీ నవ్వాడు. "అమ్మే ఇంటికి మీ ఎత్తు ఎందుకు బాయి? కొన్నామె పొట్టిదైతే?"

"అయితే అయితది. ఇన్నేండ్లు నేను వంగి చేసిన. ఆమెను జర చేతులు లేపి చేసుకోనీ."

తలుపు దగ్గర జనాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో. కల్పన గట్టు పక్కన గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. చెయ్యి మోచేతి దగ్గర మడిచి, పిండి అదిమేటప్పుడు పెట్టినట్టు అరచెయ్యి ముందుకు చాపింది, కింద ఏ రాయీ లేకుండా. ఆ చెయ్యి ఎంత ఎత్తులో ఆగిందో చూసి, మిస్త్రీ వంగి, అరచేతి కింద గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు.